ఆరు తర్వాత ఎనిమిది

మా గుండ్లవల్లి పురపాలక సంఘంలో నలభై రోజులపాటు ఆరు తర్వాత ఎనిమిది వచ్చింది. మధ్యలో ఉండాల్సిన అంకె ఏమైందని ఎవరూ అడగలేదు. అడగాలంటే దాని పేరు చెప్పాలి. చెప్పకూడదని సర్క్యులర్ ఉంది. ఆ సర్క్యులర్ డ్రాఫ్టు చేసింది నేనే.

నా పేరు త్రిపురాంబ. ఎ-సెక్షన్లో సీనియర్ అసిస్టెంటుని. పాతికేళ్ల సర్వీసులో నేను రాయని సర్క్యులర్ లేదు. పందుల మీద రాశాను, ఫ్లెక్సీల మీద రాశాను, చిరిగిన ఫ్లెక్సీల మీద పందులు పడుకోవడం గురించి కూడా రాశాను. పై అధికారి నోటితో అన్నదానికి నాలుగు 'గావున'లు, రెండు 'తదనుగుణముగా'లు తగిలించి కాగితం మీద పెట్టడం నా ఉద్యోగం. అందులో తెలివి ఉందా లేదా అని చూడటం నా ఉద్యోగం కాదు. చూడటం మొదలెడితే ఉద్యోగం చెయ్యలేం.

కథ మా ఆఫీసు ఎదురుగా, బస్టాండు గేటు పక్కన కట్టిన ఇరవై నాలుగు షాపులతో మొదలైంది. పోయినసారి వాటిని లాటరీ తీసి కేటాయించారు. ప్లాస్టిక్ బకెట్లో చీటీలు వేసి కలిపి తీస్తే చైర్మన్ గారి బావమరిది వీరాంజికి మూడు షాపులు తగిలాయి. ఆయన పెట్టుకున్న దరఖాస్తు ఒక్కటే. జనం కోర్టుకెళ్లారు. కోర్టువారు ఆ లాటరీ కొట్టేసి, ఎవరి చేతివాటానికీ సందు లేకుండా పదిమంది కళ్లెదుట జరిగే పద్ధతి ఏదైనా పాటించమన్నారు.

సరిగ్గా అప్పుడే మా కమిషనర్ చిదంబరేశ్వర్ గారు విదేశీ అధ్యయన యాత్ర ముగించుకుని వచ్చారు. చెత్త నిర్వహణ అధ్యయనం చెయ్యడానికి వెళ్లారు. ఐదు రోజుల యాత్రలో మొదటి రోజు చెత్త చూశారు. చెత్త ఎక్కడైనా చెత్తేనని గ్రహించి, మిగతా నాలుగు రోజులూ తాము దిగిన హోటల్ కింది అంతస్తులో ఉన్న కాసినోలో గడిపారు. అక్కడ పాచికల బల్ల ఒకటి ఉందట. ఆ ఆటని క్రాప్స్ అంటారట. తాను ఒక్క రూపాయి కూడా ఆడలేదని ఆయనే చెప్పారు. నేను నమ్మాను. ఆఫీసులో తాగిన టీకే నెలాఖరుదాకా డబ్బులు తియ్యని మనిషి. నాలుగు రోజులూ బల్ల పక్కన నిలబడి నోట్సు రాసుకున్నారు.

"త్రిపురాంబ గారూ, రాసుకోండి," అన్నారు వచ్చిన మర్నాడే. "అక్కడ ఒక్కడూ తోసుకోడండీ. ఒక్కడూ కుళ్లుకోడు. విసిరేవాడు ఒంటిచేత్తో విసురుతాడు. రెండో చెయ్యి తగిలిందా, చెల్లదు. పాచికలు ఎదుటి గోడకు తగిలి వెనక్కి రావాలి. రాలేదా, చెల్లదు. ఇందులో మోసానికి ఆస్కారం ఎక్కడుంది చెప్పండి. ఇది ఆట కాదు. ఇదొక పరిపాలనా సంస్కృతి."

"కొందరు జూదం అంటారేమో సార్."

"డబ్బు పెట్టి ఆడితే జూదం. డిపాజిట్ కట్టి ఆడితే ప్రక్రియ."

రాసుకున్నాను.

ఆ వారమంతా కూర్చుని పదహారు నిబంధనలు తయారు చేశాం. పాచికలు వేసే మనిషిని ఏమనాలన్న సమస్య వస్తే, దరఖాస్తుదారు ఉన్నాడు కదా అని 'విసరుదారు' అన్న మాట నేనే పుట్టించాను. కమిషనర్ గారు మెచ్చుకున్నారు. అసలు ఆట తేలికే. మొదటి విసురులో రెండు పాచికలూ కలిపి ఏడు గాని పదకొండు గాని పడితే షాపు వచ్చినట్టే. రెండు, మూడు, పన్నెండు పడితే ఇంటికి వెళ్లాల్సిందే. ఇంకేది పడినా అది ఆ మనిషి 'లక్ష్య సంఖ్య'. మళ్లీ అదే పడేదాకా విసురుతూ ఉండాలి. ఈలోపు ఏడు పడితే మాత్రం ఇంటికే.

ఆట కంటే మర్యాదలు ఎక్కువ. విసురు వేళ బల్లపై ఎవరి చేతులూ ఉండరాదు. పాచికలపై ఊదుట ఐచ్ఛికం. సిబ్బంది చేతికి డబ్బు అందించరాదు, బల్లపైనే పెట్టవలెను. (ఈ నిబంధన మా ఆఫీసులో కొంత కలవరం రేపింది. అప్పటిదాకా వ్యవహారమంతా బల్ల కింద నడిచేది.) విసరుదారు గెలిచినప్పుడు చప్పట్లు కొట్టుటకు నలుగురు సిబ్బందిని డెప్యుటేషన్‌పై నియమించవలెను. విసరుదారు ఓడిపోవాలని కోరుకునేవారిని 'ప్రతికూల ఆశావహులు'గా గుర్తించి, తాడు కట్టిన వేరే వరుసలో నిలబెట్టవలెను. వారు లోపల ఎంత సంతోషం కలిగినా పైకి కనిపించనీయక మర్యాదగా మసలుకొనవలెను.

పదకొండో నిబంధన దగ్గరికొచ్చేసరికి కమిషనర్ గారు గొంతు తగ్గించారు.

"బల్ల వద్ద ఆ సంఖ్యను ఎవరూ ఉచ్చరించరాదు."

"ఏ సంఖ్య సార్?"

"అదే. ఆరుకీ ఎనిమిదికీ మధ్యది. అక్కడ ఎవరైనా ఆ మాటంటే బల్ల చుట్టూ ఉన్నవాళ్లు వాణ్ని నమిలేసేలా చూస్తారు. అపశకునం. అంతర్జాతీయ అపశకునం."

"మొదటి విసురులో పడితే అది మంచిదే కదా సార్?"

"మంచిదైతే అనేస్తామా? ఏ అర్థంలో అన్నా అనకూడదు. ఆ మాట కూడా రాయండి."

'ఏ అర్థమునందైనను' అని రాశాను. ఆ రెండు మాటలూ తర్వాత నాకు ఎంత ఉపకారం చేస్తాయో అప్పుడు తెలియదు.

ఫైలు లీగల్ సెల్‌కి వెళ్లింది. బల్ల అనగా ఏది అని వాళ్లు అడిగారు. బల్ల ఉన్న హాలు అని జవాబిచ్చాం. హాలు అనగా ఏది అన్నారు. హాలు ఉన్న భవనం అన్నాం. భవనం అనగా? ప్రహరీ లోపలి యావత్తు ఆవరణ. ఆ విధంగా సోమవారం నాడు బల్ల దగ్గర మొదలైన నిషేధం శనివారానికి గేటు దాకా వచ్చి ఆగింది.

ఆ కాసినో దేశానికీ మనకీ తేడా ఇక్కడే వచ్చింది. వాళ్ల భాషలో ఆ మాట అంకె ఒక్కటే. మన భాషలో అదే అంకె, అదే సంవత్సరం, కన్నీళ్లు పెట్టుకోవడమూ అదే. మన జనానికి ఆ మాట లేకుండా పూట గడవదు. రోడ్డెలా ఉందయ్యా అంటే ఏడ్చినట్టుందంటారు. కొత్త అల్లుడెలా ఉన్నాడంటే ఏడిశాడులే అంటారు. ఆస్తిపన్ను ఎప్పుడు కడతావంటే వచ్చే ఏడంటారు. మా ఆఫీసుకి వచ్చేవాళ్లలో సగంమంది ఈ మూడు ముక్కలు చెప్పడానికే వస్తారు.

మొదట్లో శిక్ష ఏమిటంటే, ఆ మాట అన్నవారిని ఆ రోజుకి ఆవరణ నుంచి బయటకు పంపేయాలి. అమల్లోకి వచ్చిన మొదటి రోజే, పదకొండున్నరకి అకౌంట్స్ సెక్షన్ మొత్తం లేచి నిలబడి, ఒక్క గొంతుతో "ఏడు" అని, క్యారేజీలు తీసుకుని ఇళ్లకు వెళ్లిపోయింది. పన్నెండింటికి టౌన్ ప్లానింగ్ వాళ్లన్నారు. పారిశుధ్యం వాళ్లు పొద్దున్నే గేట్లోనే అనేసి అట్నుంచి అటే పోయారు. మర్నాడు సవరణ రాశాను: ఉచ్చరించినవారిని బయటకు పంపరాదు, ఒక్కో ఉచ్చారణకు ఒక గంట చొప్పున, ఆఫీసు వేళ ముగిసిన తర్వాత కూడా, లోపలే ఉంచవలెను. ఆ సవరణతో ఆఫీసు మొత్తానికి క్రమశిక్షణ వచ్చింది.

జనన మరణాల కౌంటరు దగ్గర మాత్రం చిక్కొచ్చింది. భర్త పోయిన ఓ పెద్దావిడ సర్టిఫికెట్టు కోసం వచ్చి కళ్లొత్తుకుంటుంటే, అక్కడి గుమాస్తా ఓదార్చడానికి నోరు తెరిచి, గంట గుర్తొచ్చి మూసేశాడు. ఆమె ఇంకాస్త ఎక్కువ చేసింది. మర్నాటికి అక్కడ బోర్డు పెట్టాం: 'ఇచట శోకించుట మాత్రమే అనుమతించబడును.' సర్టిఫికెట్టు కోసం మళ్లీ వచ్చి, అది చదివి ఆవిడ నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేదు.

పదిహేడు సంగతేమిటని రెవెన్యూ సెక్షన్ అడిగింది. అందులోనూ ఆ మాట ఉంది కదా అని. కమిషనర్ గారు బియే తెలుగు. ఒక పూటంతా ఆలోచించి వివరణ ఇచ్చారు: పదిహేడులో సదరు పదం సంధి చేసుకుని ఉన్నది, గావున క్షమించవచ్చును.

అప్పుడు వచ్చాడు ఏడుకొండలు.

ఏడుకొండలుది పునుగుల బండి. మా ఆఫీసు ప్రహరీకి ఆనుకుని, ముప్పై ఏళ్లుగా అక్కడే. భార్య మంగమ్మ పిండి రుబ్బి తెస్తుంది, ఆయన వేస్తాడు. ఒంటిచేత్తో పిండి తీసుకుని బొటనవేలితో తోస్తే ఒక్కొక్కటీ గుండ్రంగా నూనెలో పడుతుంది, ఒక్కటీ పక్కకి పోదు. ప్లేటుకి ఆరు. సాయంత్రం నాలుగింటికి నేను వెళితే ఆరు పెట్టి పైన కొసరొకటి వేస్తాడు. ఎంత చెడ్డ సర్క్యులర్ రాసిన రోజైనా ఆ కొసరు తింటే మనసు కుదుటపడేది.

బస్టాండు సుందరీకరణ కింద ఒకటో తారీకుకల్లా బళ్లన్నీ ఎత్తేయాలని ఉత్తర్వు వచ్చింది. అదీ నేనే రాశాను. షాపు వస్తే ఏడుకొండలు బండి సామాను ఎదురుగా మార్చుకుంటాడు. రాకపోతే యాభై ఎనిమిదేళ్ల వయసులో పొయ్యి ఆర్పేసి ఇంట్లో కూర్చోవాలి. ఆ మాట ఆయన నాతో రెండుసార్లు చెప్పాడు, నవ్వుతూనే.

"ఏంది మేడం ఇది?" అంటూ ఆ రోజు రసీదు పట్టుకుని నా టేబుల్ దగ్గరికొచ్చాడు. "నా కాయితం మీద కొండలు అని రాశారంట. ముందర ముక్క ఎటు పోయింది? నా పేరు ఏ..."

"ష్! చెప్పకు."

"నా పేరు నేను చెప్పుకోకూడదా?"

"గేటు దాటాక చెప్పుకో. గంట పడిద్ది." నాకు కూడా ఆయన యాస వచ్చేసింది.

అటుగా వెళుతున్న కమిషనర్ గారు ఆగి రసీదు అందుకున్నారు. చదివారు. ఆధార్ కార్డు అడిగి తీసుకుని అదీ చదివారు. రెంటినీ నోటితో కాకుండా కళ్లతోనే చదివారు.

"ఇది సంక్లిష్టమైన కేసు," అన్నారు. "కొండలు అన్న పేరుతో పిలిస్తే ఆధార్‌తో సరిపోదు కాబట్టి అనర్హుడు. ఆధార్‌లో ఉన్న పేరుతో పిలవడానికి లేదు కాబట్టి గైర్హాజరు. పైగా దరఖాస్తు నెంబరు కూడా అదే. ఆరు తర్వాతది."

"పదిహేడుని వదిలేశాం కదా సార్," అన్నాను.

"అది సంధి. ఇది ద్విగు సమాసం. పూర్వపదం సాక్షాత్తూ సంఖ్య. సమాసానికి మినహాయింపు లేదు." తర్వాత ఏడుకొండలు వైపు తిరిగి, ఎంతో దయగా అన్నారు: "మీరే పేరు మార్చుకోవచ్చు కదండీ. 'పలుకొండలు' బాగుంటుంది. అర్థమూ చెడదు. గెజిట్లో వేయించుకుంటే ఆర్నెల్లలో వచ్చేస్తుంది."

"అయ్యా, మా నాయన మొక్కుకుని కొండకి నడిచిపోయి పెట్టుకొచ్చిన పేరు. ఇప్పుడు షాపు కోసం ఆయన కొండలు తగ్గించమంటారా?"

"తగ్గించమనడం లేదు. లెక్క చెప్పొద్దంటున్నాను," అని కమిషనర్ గారు లోపలికి వెళ్లిపోయారు.

ఏడుకొండలు నా వంక చూశాడు. ఆ ప్రహరీలో నేను అంత సిగ్గుపడింది ఎప్పుడూ లేదు. రూలు రాసిన చెయ్యి నాదే కదా. కాగితం తీసి, కొండలు అన్నది కొట్టేసి, పేరు గడిలో 'శ్రీ పైన పేర్కొనబడినవారు' అని రాశాను. పైన పేర్కొన్నది ఎక్కడని ఎవరైనా అడిగితే ఆధార్ నకలు పైన పిన్ను పెట్టి ఉంటుంది. మా ఆఫీసులో ఇలాంటి పేరుతో ఎన్ని బిల్లులు పాసయ్యాయో నాకు తెలుసు.

కేటాయింపు రోజు వచ్చింది. కౌన్సిల్ హాల్లో స్టాఫ్ క్లబ్బు వాళ్ల టేబుల్ టెన్నిస్ బల్లకి చుట్టూ చెక్కలు కొట్టి, సభల్లో వేదిక మీద పరిచే ఆకుపచ్చ గుడ్డ పరిచాం. పాచికలు పడ్డాక సంఖ్య ప్రకటించి, వాటిని కర్రతో లాగి విసరుదారు ముందుకు తోసే మనిషిని దండధారి అంటారు. ఆ పోస్టు మా అటెండర్ మస్తాన్‌వలికి ఇచ్చారు. ఆఫీసు వెనక చెట్టు మామిడికాయలు కోసే చిక్కం కర్రకి చిక్కం ఊడదీసి ఇస్తే, దాన్ని పట్టుకుని ఠీవిగా నిలబడ్డాడు. కమిషనర్ గారు ఎత్తు కుర్చీలో కూర్చున్నారు. నేను మినిట్స్ పుస్తకంతో ఆయన పక్కన.

తాడు కట్టిన వరుసలో ఒక్క మనిషి ఉన్నాడు. చైర్మన్ గారి బావమరిది వీరాంజి. ఈసారి దరఖాస్తు కూడా పెట్టుకోలేదు. పదహారో నిబంధన ప్రకారం మిగిలిపోయిన షాపులు చైర్మన్ గారి విచక్షణ మేరకు ఇవ్వచ్చు. జేబులో కొత్త తాళంకప్ప పెట్టుకుని, సంతోషం పైకి కనిపించకుండా మర్యాదగా నిలబడ్డాడు.

మొత్తం దరఖాస్తులు ఇరవై ఆరు మీద ఒకటి. నెంబరు వరసలో పిలిచారు. ఆరు తర్వాత ఎనిమిది వచ్చింది. "ఆ మధ్యలో ఆయన?" అని జనం అడిగితే, చివర్న చూస్తామన్నారు కమిషనర్ గారు. ఏడుకొండలు గోడ పక్కన బెంచీ మీద కూర్చున్నాడు.

గాజులమ్మే మీరాబీకి మొదటి విసురులో తొమ్మిది పడింది. తొమ్మిది మళ్లీ పడాలి. రెండోసారి విసిరింది. నాలుగూ మూడూ పడ్డాయి. ఇంటికెళ్లిపోవాలి. ప్రకటించడానికి మస్తాన్‌వలి నోరు తెరిచాడు. కమిషనర్ గారి ముఖం చూసి మూశాడు. మళ్లీ తెరిచి, మళ్లీ మూశాడు. హాలంతా వాడి నోటి వంకే చూసింది.

కమిషనర్ గారు కళ్లు మూసుకుని ఆలోచించి, అక్కడికక్కడే పదిహేడో నిబంధన చెప్పారు: ప్రకటించబడని సంఖ్య సంభవించనట్లుగా పరిగణించబడును.

మీరాబీ మళ్లీ విసిరింది. తొమ్మిది పడింది. నలుగురు డెప్యుటేషన్ వాళ్లూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఇద్దరికి మొదటి విసురులోనే ఏడు పడింది. నిజానికి వాళ్లు గెలిచినట్టే. అయినా సంభవించలేదు కాబట్టి మళ్లీ విసరమన్నారు. విసిరితే ఒకరికి పదకొండు, ఒకరికి అయిదు పడి, చివరికి వాళ్లకీ షాపులొచ్చాయి కాబట్టి గొడవ కాలేదు. నాలుగున్నరకల్లా ముగ్గురు రెండూ పన్నెండూ పడి ఇళ్లకు పోగా, ఇరవై ముగ్గురు షాపులు పట్టుకున్నారు.

గెలిచినవాళ్లు తమకు కావలసిన షాపు నెంబరు పైకి చెప్పి తీసుకోవాలని నియమం. అన్నింట్లోకీ మంచిది మూల షాపు. బస్సు దిగిన మనిషి కాలు నేరుగా దాని మెట్టు మీదే పడుతుంది. దాని నెంబరు ఏడు. టైరు పంక్చర్లేసే కుర్రాడొకడు "ఏ..." అని మొదలుపెట్టి, కమిషనర్ గారి చూపు తగిలి, దగ్గు వచ్చినట్టు చేసి ఎనిమిది తీసుకున్నాడు. ఇరవై ముగ్గురిలో ఒక్కరూ దాన్ని అడగలేకపోయారు. చివరికి అదొక్కటే మిగిలింది. తాడు వెనక వీరాంజి జేబులో తాళం తడుముకున్నాడు.

"పైన పేర్కొన్న గారూ, రండి!" అని కేకేశాడు మస్తాన్‌వలి.

ఏడుకొండలు లేచి వచ్చాడు. మధ్యాహ్నం కౌన్సిల్ వాళ్ల ఆర్డరుంటే బయటికెళ్లి పునుగులు వేసి ఇచ్చి, అప్పుడే తిరిగొచ్చిన మనిషి. చొక్కా మీద ఇంకా పిండి మరకలున్నాయి. పాచికలు అరచేతిలో పెట్టుకుని ఒకసారి బరువు చూశాడు. ఒంటిచేత్తో, బొటనవేలితో తోసినట్టు వదిలాడు. రెండూ పక్కపక్కనే పరిగెత్తి ఎదుటి చెక్కకి తగిలి వెనక్కి వచ్చి ఆగాయి.

నాలుగు. మూడు.

జనమంతా బల్ల వైపు మెడలు చాచారు.

"సార్, పడింది," అన్నాడు మస్తాన్‌వలి.

"ఏం పడింది?"

"పడాల్సిందే పడింది సార్."

"ప్రకటించు."

"ఎట్టా సార్?"

"ప్రకటించనిది సంభవించలేదు. మళ్లీ వెయ్యమను."

వేశాడు. అయిదూ రెండూ పడ్డాయి. కమిషనర్ గారు చెయ్యి ఊపారు. మళ్లీ వేశాడు. ఆరూ ఒకటీ పడ్డాయి. జనంలో ఒకావిడ చేతులు జోడించి, "ఆ కొండ మీదాయన మహిమే," అంది. ఎన్ని కొండలో చెప్పకుండా జాగ్రత్తపడింది.

కమిషనర్ గారు గడియారం చూసుకున్నారు.

"మూడు విసుర్లు నిష్ఫలం. ప్రభుత్వ కాలం వృథా చేయరాదు. విసరుదారుకు ఏ సంఖ్యా పడలేదు గావున, షాపు మిగిలిపోయినట్లుగా..."

వీరాంజి తాడు ఎత్తి, మర్యాదగా ఇవతలికి అడుగేశాడు.

"అయ్యా," అన్నాడు ఏడుకొండలు, "పడింది గదయ్యా. ఇంతమంది కళ్లెదురుగా పడింది గదయ్యా. ముప్పై ఏళ్ల బట్టి మీ గోడ పక్కనే ఉన్నా. ఒకటో తారీకు బండి తీసేస్తారు. ఇంకెక్కడికి పొమ్మంటారు?" అని కుడిచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. తుడుచుకున్న కొద్దీ నీళ్లు ధారగా వచ్చాయి. ముక్కు ఎర్రబడింది. వెనక నిలబడ్డ మంగమ్మ కొంగు నోట్లో కుక్కుకుని బావురుమంది.

మా కమిషనర్ గారికి ఫైళ్లు ఎన్నైనా తట్టుకునే శక్తి ఉంది, కన్నీళ్లు మాత్రం పడవు.

"అదిగో, మొదలెట్టాడు. ఏమండీ, బల్ల వద్ద ఈ ప్రదర్శన ఏమిటి? శిష్టాచారం ఉండనక్కర్లేదా? ఇది అంతర్జాతీయ స్థాయి బల్ల!"

ఏడుకొండలు మళ్లీ కళ్లు తుడుచుకున్నాడు. ఇంకా ఎక్కువయ్యాయి.

"ఆపవయ్యా! ఆపుతావా లేదా? నేనేదో నీ కొంప కూల్చినట్టు..."

ఆగలేదు. కమిషనర్ గారు ఎత్తు కుర్చీలోంచి లేచారు. బియే తెలుగు, పరిపాలనా సంస్కృతి, విదేశీ యాత్ర అన్నీ ఆయన మీంచి ఒక్కసారిగా జారిపోయి, పిడుగురాళ్ల పక్క పల్లెటూళ్లో పుట్టి పెరిగిన మనిషి బయటికొచ్చాడు.

"ఏడు! ఇంకా ఏడు! ఊరంతా ఇనపడాల, గట్టిగా ఏడు!"

ఆ మూడో మాట హాలు చివరి గోడకి తగిలి వెనక్కి వచ్చింది.

బల్ల మీద ఆరూ ఒకటీ అలాగే ఉన్నాయి. ఎవరూ వాటిని కదపలేదు. మస్తాన్‌వలి పాచికల వంక చూశాడు, కమిషనర్ గారి వంక చూశాడు, నా వంక చూశాడు. నేను తల ఊపానో లేదో నాకు గుర్తు లేదు. ఊపానని వాడంటాడు. మామిడికాయల కర్ర పైకెత్తి బల్ల అంచు మీద ఠంగున కొట్టాడు.

"మొదటి విసురులో పడ్డ సంఖ్య, కమిషనర్ గారి నోటిమీదుగా ప్రకటించడమైంది! షాపు పైన పేర్కొన్న గారిదే!"

డెప్యుటేషన్ మీద ఉన్న నలుగురూ, డ్యూటీ కాబట్టి, చప్పట్లు కొట్టారు. డ్యూటీ లేని హాలంతా కూడా కొట్టింది.

"నేనన్నది అది కాదు!" అన్నారు కమిషనర్ గారు.

"ఏదన్నారు సార్?" అని అడిగాను, పెన్ను కాగితం మీద ఆనించి. "ఏ అర్థంలో అన్నారో చెప్పండి, రాసుకుంటాను."

చెప్పాలంటే ఆ మాట మళ్లీ అనాలి. ఆయన నోరు తెరిచారు. మూశారు. మస్తాన్‌వలి పొద్దున చేసినట్టే ఉంది. అయినా ఏ అర్థమైతే ఏమిటి? 'ఏ అర్థమునందైనను' అని నా చేత రాయించింది ఆయనే. ఇది మూడో విసురు కదా అని వీరాంజి గొణిగాడు. మొదటి రెండూ సంభవించలేదని గుర్తు చేశాను. సంభవించిన వాటిలో ఇదే మొదటిది.

మినిట్స్ పుస్తకంలో గుండ్రని అక్షరాలతో రాశాను: 'ఏడు పడినట్లు కమిషనర్ వారు స్వయముగా, ముమ్మారు, సభాముఖమున ప్రకటించిరి.' సంతకం కోసం పుస్తకం ముందు పెట్టాను. చెయ్యక తప్పలేదు. ముమ్మారు కాబట్టి సవరణ ప్రకారం మూడు గంటలు కూడా పడ్డాయి. అయిదింటికి అందరం క్యారేజీలు తీసుకుని బయల్దేరుతుంటే ఆయన ఎత్తు కుర్చీలోనే కూర్చుని ఉన్నారు. గేటు దగ్గర మస్తాన్‌వలి కర్ర పట్టుకుని కాపలా నిలబడ్డాడు. రూలంటే వాడికి అంత గౌరవం అప్పుడే పుట్టింది.

మర్నాడు పదకొండో నిబంధన రద్దయింది. ఆ ఉత్తర్వు నేను మధ్యాహ్నం భోజనానికి లేవకుండా రాశాను. కేటాయింపు ప్రక్రియ మీద ఒక్క ఫిర్యాదు కూడా రాలేదని పైవాళ్లు సంతోషించి, ఈ విధానాన్ని మిగతా పురపాలక సంఘాలకి విస్తరించే కమిటీలో చిదంబరేశ్వర్ గారిని సభ్యుడిగా వేశారు. తాగునీటి మీద ఇంకో దేశం వెళ్లొచ్చి ఆ పని మొదలెడతారట. ఈసారి హోటల్ కింది అంతస్తులో ఏముందో మాకింకా తెలియదు.

ఒకటో తారీకున ఏడుకొండలు మూల షాపులో పొయ్యి వెలిగించాడు. బోర్డు తనే రాయించుకున్నాడు. పేరు పూర్తిగా, నెంబరు పక్కనే, రెండూ ఎర్రరంగులో. నాలుగింటికి నేను వెళ్లేసరికి బాణలి చుట్టూ జనం.

"ఆ రోజు అంత కష్టపెట్టాం నిన్ను," అన్నాను. "నువ్వు కళ్లనీళ్లు పెట్టుకోవడం ముప్పై ఏళ్లలో చూడలేదు."

"నేనెక్కడ ఏడిశా మేడం? ఆ మధ్యాహ్నం మీ కౌన్సిల్ వాళ్ల ఆర్డరుకి రెండు కిలోల ఉల్లిపాయలు తరిగా. చెయ్యి కడుక్కునే టైమివ్వకుండా లాక్కొచ్చారు. ఆ చెయ్యి కళ్లకి తగిలింది, అంతే." పిండి తీసుకుంటూ నవ్వాడు. "మంగమ్మ మాత్రం నిజంగానే ఏడిసింది."

నేనూ ఏడ్చాను, మినిట్స్ పుస్తకం చాటున. నేను ఉల్లిపాయలు తరగలేదు. ఆ మాట ఆయనతో చెప్పలేదు.

"ఎన్ని పెట్టమంటారు మేడం?"

రోడ్డుకి అవతల కమిషనర్ గారి గది కిటికీ తెరిచే ఉంది. అక్కడిదాకా వినపడేలా చెప్పాను.

"ఏడు."

ఏడుకొండలు ఒక్కొక్కటే లెక్కపెట్టి ఎనిమిది పెట్టాడు.